పనిముట్టు వివరణ (కృత్రిమ మేధ)

పనిముట్టు వివరణ అనగా, కృత్రిమ మేధతో పనిచేసే సాఫ్టువేరు ఏజెంటుకు దాని చేతికిచ్చిన ఒక్కొక్క పనిముట్టు గురించి తెలియజెప్పే చిన్న పాఠ్యం. ఆ పనిముట్టు ఏమి చేస్తుంది, ఎప్పుడు వాడాలి, ఎప్పుడు వాడకూడదు, దానికి ఏ సమాచారాన్ని ఏ రూపంలో ఇవ్వాలి, అది తిరిగి ఏమి ఇస్తుంది అన్న విషయాలు ఇందులో ఉంటాయి. ఇక్కడ పనిముట్టు అంటే సుత్తి, రంపం వంటిది కాదు. ఒక ప్రోగ్రాము చేసిపెట్టే ఒక నిర్దిష్టమైన పనికి ఆ పేరు. ఫైలు తెరవడం, వాతావరణం కనుక్కోవడం, రైలు టికెట్టు రద్దు చేయడం వంటివి ఇందుకు ఉదాహరణలు. ప్రోగ్రాములు రాసేవారు దీనిని మామూలుగా టూల్ అనే పిలుస్తారు.

ఈ వివరణను సాధారణంగా రాసేది మనిషి, చదివేది భాషా నమూనా. పనిముట్టు లోపలి కోడు నమూనాకు కనబడదు. పనిముట్టు పేరు, దాని వివరణ, అది కోరే విలువల పట్టిక మాత్రమే కనబడతాయి. అందువలన వివరణలో చెప్పని సంగతి ఏజెంటుకు తెలియనట్లే. తెలియని చోట అది ఊహించి ముందుకు పోతుంది. ఆ ఊహ తప్పినప్పుడు నష్టపోయేది వివరణ రాసినవారు కాదు, ఏజెంటును నమ్మి పని అప్పగించిన వాడుకరి.

పనిచేసే తీరు

భాషా నమూనా స్వయంగా చేయగలిగినది ఒక్కటే: తనకు ఇచ్చిన పాఠ్యాన్ని చదివి, దానికి కొనసాగింపుగా మరికొంత పాఠ్యాన్ని రాయడం. అది రైల్వే వారి సర్వరును తాకలేదు, డిస్కు మీద ఉన్న ఫైలును చెరపలేదు. ఆ పనులు చేసేది నమూనాను నడిపిస్తున్న మరొక ప్రోగ్రాము. దీనిని ఆతిథేయ ప్రోగ్రాము అందాం.

సంభాషణ మొదలయ్యేటప్పుడే ఆతిథేయ ప్రోగ్రాము పనిముట్ల జాబితాను నమూనా ముందు ఉంచుతుంది. వాడుకరి ఏదైనా అడిగినప్పుడు నమూనా ఆ జాబితాను చూసి, పనిముట్టు అవసరమని తోస్తే దాని పేరును, దానికి అందించవలసిన విలువలను ఒక నిర్ణీత రూపంలో రాస్తుంది. ఈ రూపం చాలావరకు జేసన్ అనే పద్ధతిలో ఉంటుంది. ఆతిథేయ ప్రోగ్రాము ఆ రాతను చదివి, అసలు పనిని నడిపి, వచ్చిన ఫలితాన్ని తిరిగి పాఠ్యంగా నమూనాకు అందిస్తుంది. నమూనా ఆ ఫలితాన్ని చూసి వాడుకరికి జవాబు చెబుతుంది, లేదా మరొక పనిముట్టును పిలుస్తుంది. ఇలా వలయంగా పనిచేసే వ్యవస్థనే ఏజెంటు అంటున్నారు.

పనిముట్టు కోరే విలువలను పరామితులు అంటారు. ఒక్కొక్క పరామితికి పేరు, రకం (సంఖ్యా, అక్షరాల వరుసా, అవునా కాదా అన్నది), దాని సొంత చిన్న వివరణ ఉంటాయి. ఈ పట్టికను స్కీమా అంటారు. వివరణ అన్నప్పుడు పైన రాసిన రెండు మూడు వాక్యాలనే కాక, పరామితుల పక్కన రాసిన మాటలను కూడా కలుపుకుని చెప్పుకోవాలి. తప్పులు ఎక్కువగా దొర్లేది ఆ రెండవ చోటనే.

మామూలు ప్రోగ్రాములలో కూడా ఫంక్షన్ల పైన వ్యాఖ్యలు రాయడం పాత అలవాటే. కాని అక్కడ ఏ ఫంక్షనును పిలవాలో ప్రోగ్రామరు కోడు రాసేటప్పుడే తీరికగా నిర్ణయిస్తాడు. సందేహం వస్తే లోపలి కోడును తెరిచి చూస్తాడు, పక్కవారిని అడుగుతాడు, ఒకసారి నడిపి చూస్తాడు. ఏజెంటు విషయంలో ఆ నిర్ణయం ప్రోగ్రాము నడుస్తుండగా, వాడుకరి ఎదురు చూస్తుండగా జరుగుతుంది. పైగా నిన్నటి సంభాషణలో నేర్చుకున్నది నేటికి తనంతట తాను గుర్తుండదు. ప్రతి సంభాషణా దానికి ఉద్యోగంలో మొదటి రోజు వంటిది.

చరిత్ర

కంప్యూటరు పనిముట్లకు క్లుప్తమైన వివరణలు రాసే సంప్రదాయం ఏజెంట్ల కంటే చాలా పాతది. 1971 నవంబరులో వెలువడిన యూనిక్సు మొదటి కరదీపికలో ఒక్కొక్క ఆదేశానికి పేరు, వాడే పద్ధతి, వర్ణన, సంబంధిత ఫైళ్ళు, దోష సందేశాలు అన్న శీర్షికల కింద వివరాలు ఇచ్చారు. వీటితో పాటు "బగ్స్" అనే శీర్షిక కూడా ఉండేది. తమ ప్రోగ్రాములో ఉన్న లోపాలను తామే రాసిపెట్టడం దీని ఉద్దేశం. ఈ ఒక్క అలవాటును నేటి పనిముట్ల వివరణలు చాలావరకు వదిలిపెట్టాయి. ఇది విచారకరం, ఎందుకంటే ఏజెంటుకు అన్నిటికంటే ఎక్కువగా పనికివచ్చే సమాచారం అదే.

2022 అక్టోబరులో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయం, గూగుల్ పరిశోధకులు రియాక్ట్ అనే పద్ధతిని ప్రకటించారు. ఇందులో భాషా నమూనా ఆలోచనను, చర్యను ఒకదాని వెంట ఒకటిగా రాస్తుంది. ఆ ప్రయోగాలలో కొన్నింటికి వాడిన పనిముట్లు వికీపీడియాకు సంబంధించినవే: ఒక వ్యాసాన్ని వెదకడం, వ్యాసంలో ఒక మాటను వెదకడం, జవాబు చెప్పి ముగించడం. మరుసటి సంవత్సరం ఫిబ్రవరిలో మెటా సంస్థ పరిశోధకులు ప్రకటించిన టూల్‌ఫార్మరు, లెక్కల యంత్రం, కేలండరు, అనువాదం వంటి పనిముట్లను పిలవడాన్ని శిక్షణ ద్వారా నేర్చుకుంది. ఆ పద్ధతిలో కొత్త పనిముట్టు చేర్చాలంటే మళ్ళీ శిక్షణ ఇవ్వవలసి వచ్చేది.

వివరణకు నేటి ప్రాముఖ్యం వచ్చినది 2023లో. ఆ సంవత్సరం మార్చిలో ఓపెన్‌ఏఐ సంస్థ చాట్‌జీపీటీకి ప్లగిన్లను ప్రకటించింది. ఒక్కొక్క ప్లగిన్‌కు రెండు వివరణలు విడివిడిగా రాయవలసి వచ్చేది: ఒకటి మనుషుల కోసం, ఒకటి నమూనా కోసం. ప్లగిన్ల వ్యవస్థ 2024 ఏప్రిల్‌లో మూతపడింది కాని, మనిషికి రాసే పరిచయం వేరు, నమూనాకు రాసే వివరణ వేరు అన్న గుర్తింపు నిలిచిపోయింది. మనుషుల కోసం రాసినది కొంత ప్రకటనలా ఉంటుంది. నమూనాకు ప్రకటన అక్కరలేదు. 2023 జూన్‌లో అదే సంస్థ ఫంక్షన్ కాలింగ్ అనే సౌకర్యాన్ని ప్రోగ్రామర్లకు అందించింది. పేరు, వివరణ, స్కీమా రాసి ఇస్తే చాలు, మళ్ళీ శిక్షణ ఇవ్వకుండానే నమూనా కొత్త పనిముట్టును వాడసాగింది. మిగిలిన సంస్థలు కూడా ఇదే దారి పట్టాయి.

2024 నవంబరులో ఆంత్రోపిక్ సంస్థ మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్ (ఎంసీపీ) అనే ఉమ్మడి ప్రమాణాన్ని విడుదల చేసింది. దీనితో ఒకరు రాసిన పనిముట్టును మరొకరి ఏజెంటు వాడుకునే వీలు కలిగింది. 2025 డిసెంబరులో ఈ ప్రమాణం లినక్సు ఫౌండేషను ఆధ్వర్యంలోని ఒక నిధికి అప్పగించబడింది. అపరిచితులు రాసిన వివరణలను ఏజెంట్లు చదవడం మొదలైన తరువాత, వివరణ రాయడం ఒక సంస్థ లోపలి వ్యవహారంగా మిగలలేదు.

ఒక ఉదాహరణ

రైలు ప్రయాణాలకు సాయపడే ఒక ఏజెంటును ఊహించుకుందాం. దానికి ఇచ్చిన పనిముట్లలో ఒకదాని పేరు "రీఫండ్". వివరణ ఇలా ఉన్నది: "పీఎన్ఆర్ నంబరు ఇస్తే రీఫండ్ మొత్తాన్ని ఇస్తుంది." (నిజమైన వివరణలు ఎక్కువగా ఇంగ్లీషులో ఉంటాయి. ఇక్కడ చదువరుల సౌకర్యం కోసం తెలుగులో ఇస్తున్నాము.)

సంక్రాంతికి ఊరు వెళ్ళడానికి ముందుగానే టికెట్లు తీసుకున్న ఒక వాడుకరి, సెలవు దొరుకుతుందో లేదో అన్న అనుమానంతో "ఈ టికెట్టు రద్దు చేసుకుంటే నాకు ఎంత తిరిగి వస్తుంది?" అని అడిగాడు. ఏజెంటు జాబితా చూసింది. రీఫండ్ మొత్తాన్ని ఇచ్చే పనిముట్టు ఒకటి కనబడింది. దానిని పిలిచింది. నిజానికి ఆ పనిముట్టు చేసే పని టికెట్టును రద్దు చేసి, తిరిగి చెల్లించవలసిన మొత్తాన్ని లెక్కకట్టి ఆ అంకెను ఇవ్వడం. ఏజెంటు వినయంగా "మీకు ఇంత మొత్తం తిరిగి వస్తుంది" అని సరైన జవాబే చెబుతుంది. నలుగురి బెర్తులు మాత్రం పోయాయి. రద్దయిన టికెట్టును వెనక్కు తెచ్చే మార్గం లేదు. పండుగ రోజులలో మళ్ళీ దొరికేది వెయిటింగ్ లిస్టే.

ఇందులో కోడు తప్పు ఏమీ లేదు. ప్రోగ్రామరు రాసుకున్న పరీక్షలన్నీ నెగ్గుతాయి. నమూనా కూడా తాను చదివిన దాని ప్రకారమే నడుచుకున్నది. తప్పు "ఇస్తుంది" అన్న ఒక్క క్రియలో ఉన్నది. చూసి చెప్పడానికి, చేసి చెప్పడానికి మధ్య ఉన్న తేడాను ఆ మాట మింగేసింది.

సవరించవలసి వస్తే మొదట పనిముట్టునే రెండుగా విడగొట్టాలి. మొదటి దాని పేరు "రీఫండ్_అంచనా", వివరణ: "పీఎన్ఆర్ కలిగిన టికెట్టును ఇప్పుడు రద్దు చేస్తే ఎంత తిరిగి వస్తుందో లెక్కకట్టి చెబుతుంది. టికెట్టులో ఏ మార్పూ చేయదు. మొత్తం రూపాయలలో ఉంటుంది. రద్దు రుసుము రైలు బయలుదేరడానికి ఉన్న సమయాన్ని బట్టి మారుతుంది గనుక ఈ అంచనా అడిగిన క్షణానికి మాత్రమే వర్తిస్తుంది." రెండవ దాని పేరు "టికెట్టు_రద్దు", వివరణ: "పీఎన్ఆర్ కలిగిన టికెట్టును శాశ్వతంగా రద్దు చేస్తుంది. తిరిగి పునరుద్ధరించడం కుదరదు. రద్దు చేయమని వాడుకరి స్పష్టంగా చెప్పినప్పుడే వాడాలి. ఎంత తిరిగి వస్తుందో తెలుసుకోవడానికి దీనిని వాడకూడదు, అందుకు రీఫండ్_అంచనా ఉన్నది. టికెట్టులో ఒకరిని మాత్రమే తొలగించడం దీనితో సాధ్యం కాదు."

రెండవ వివరణలో సగానికి పైగా ఆ పనిముట్టు చేయని పనుల గురించే ఉన్నది. వివరణలు రాయడం కొత్తగా మొదలుపెట్టినవారు వదిలివేసేది ఈ భాగాన్నే.

పేరు, సరిహద్దు

వంటింట్లో ఒకే పరిమాణంలో ఉన్న స్టీలు డబ్బాలు వరుసగా పెట్టి ఉంటాయి. ఒక డబ్బా మీద "రవ్వ" అని చీటీ అంటించి ఉంటే, ఆ ఇల్లాలికి అది ఇడ్లీ రవ్వో బొంబాయి రవ్వో తెలుసు. ఆ రోజే వచ్చిన వంటమనిషికి తెలియదు. ఇంట్లో ఒకే రకం రవ్వ ఉన్నంత కాలం ఆ చీటీ సరిపోతుంది, రెండవ డబ్బా వచ్చిన రోజున అదే చీటీ తప్పుదారి పట్టిస్తుంది. పనిముట్ల వివరణలు కూడా ఇంతే. ఒంటరిగా చదివితే స్పష్టంగా ఉన్న వివరణ, పక్కన మరొక పనిముట్టు చేరగానే అస్పష్టం కావచ్చును. "వెదుకు" అనే పనిముట్టు ఒకటే ఉన్నప్పుడు ఇబ్బంది లేదు. మెయిళ్ళలో వెదికేది, ఫైళ్ళలో వెదికేది, ఇంటర్నెట్లో వెదికేది అని మూడు చేరినప్పుడు ఒక్కొక్క వివరణలోనూ మిగిలిన రెండింటితో సరిహద్దు ఎక్కడో చెప్పవలసి ఉంటుంది. పేరుకు ముందు అది చెందిన సేవ పేరును చేర్చడం ఇందుకోసమే. కనుక కొత్త పనిముట్టును చేర్చినప్పుడు పాత వివరణలను కూడా మళ్ళీ చదవాలి. ఈ పని ఎవరి బాధ్యతా కాదన్నట్లు మిగిలిపోతూ ఉంటుంది.

పరామితుల పేర్లకు కూడా ఇదే వర్తిస్తుంది. "వాడుకరి" అని మాత్రమే ఉంటే పేరు ఇవ్వాలా, ఈమెయిలు చిరునామా ఇవ్వాలా, సంఖ్య ఇవ్వాలా తెలియదు. "వాడుకరి_సంఖ్య" అంటే ఆ సందేహం తీరిపోతుంది.

విలువలు, ప్రమాణాలు, తేదీలు

వివరణలలో అతి చిన్నవిగా కనబడి అతి పెద్ద నష్టం కలిగించేవి ఇవే. ఏజెంట్లు పుట్టకముందే ఇందుకు ఒక ప్రసిద్ధమైన గుణపాఠం ఉన్నది. 1999 సెప్టెంబరు 23న అమెరికా అంతరిక్ష సంస్థ నాసాకు చెందిన మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అంగారకుడిని చేరుతూ నాశనమైంది. భూమి మీది ఒక ప్రోగ్రాము ప్రచోదనాన్ని పౌండు-సెకండ్లలో ఇస్తుండగా, దానిని అందుకున్న ప్రోగ్రాము ఆ అంకెలను న్యూటను-సెకండ్లుగా తీసుకున్నది. ఒకటి నాలుగున్నర రెట్ల తేడా ఉన్న ప్రమాణం. రెండు ప్రోగ్రాములూ దేనికది సరిగానే పనిచేశాయి.

మన రైలు ఏజెంటుకే తిరిగి వద్దాం. "స్టేషను" అనే పరామితికి ఏమి ఇవ్వాలి? విజయవాడకు రైల్వే కోడు బీజడ్ఏ. ఇది బెజవాడ అన్న పాత పేరు నుండి వచ్చినది, కాబట్టి నేటి పేరును చూసి ఊహించడం సాధ్యం కాదు. హైదరాబాదు అని వాడుకరి అన్నప్పుడు సికింద్రాబాదు, నాంపల్లి, కాచిగూడ మూడూ విడివిడి స్టేషన్లు, మూడింటికీ విడివిడి కోడ్లు. "కోడు మాత్రమే ఇవ్వాలి, కోడు తెలియకపోతే ముందుగా స్టేషను_వెదుకు వాడాలి, నగరం పేరు ఇస్తే పనిచేయదు" అని రాయకపోతే ఏజెంటు తోచిన కోడును కల్పించి ఇస్తుంది. ఆ కల్పిత కోడు మరేదో ఊరికి చెందినదైతే దోష సందేశం కూడా రాదు.

రైలు సంఖ్యను సంఖ్యగా ప్రకటించడం సహజమే అనిపిస్తుంది. కాని ప్రత్యేక రైళ్ళ సంఖ్యలు 0 తో మొదలవుతాయి, జేసన్‌లో సంఖ్య ముందు సున్న ఉండకూడదు. అందువలన 5 అంకెల రైలు సంఖ్య కాస్తా 4 అంకెలకు తగ్గిపోతుంది. పీఎన్ఆర్ 10 అంకెలు. ఇటువంటివి పేరుకు సంఖ్యలే గాని, వాటితో ఎవరూ కూడికలు తీసివేతలు చేయరు. వీటిని అక్షరాల వరుసగానే ప్రకటించి, ఎన్ని అంకెలుండాలో వివరణలో చెప్పడం మంచిది.

తేదీల సంగతి మరీ చిక్కు. 03/04/2026 అంటే మనకు ఏప్రిల్ 3, అమెరికా వారికి మార్చి 4. సంవత్సరం-నెల-రోజు వరుసను కోరితే ఈ గొడవ ఉండదు. అయినా "ప్రయాణ తేదీ" అంటే ఏ తేదీ అన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. కోల్‌కతా వైపు నుండి మధ్యాహ్నం బయలుదేరే కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ విజయవాడకు చేరేది మరునాడు. రైలు ఎక్కడున్నదో చెప్పే పనిముట్టు, రైలు తన మొదటి స్టేషనులో బయలుదేరిన తేదీని కోరుతూ ఉండవచ్చును. విజయవాడలో ఎక్కే ప్రయాణికుడి మనసులో ఉన్నది తాను ఎక్కే తేదీ. పరామితి పేరును "మొదటి_స్టేషను_బయలుదేరు_తేదీ" అని పెడితే పొడుగైనదే కాని తప్పు జరగదు. టికెట్లను ఎన్ని రోజుల ముందుగా తీసుకోవచ్చునన్న హద్దు కూడా వివరణలో ఉంటే మంచిది, అయితే ఇటువంటి నియమాలు మారుతుంటాయి: 2024 నవంబరు 1 నుండి ఈ గడువు 120 రోజుల నుండి 60 రోజులకు తగ్గింది. పాత అంకె వివరణలో ఉండిపోతే, ఏజెంటు ఎంతో నమ్మకంతో తప్పు చెబుతుంది.

విలువలు కొన్నే ఉన్నప్పుడు (స్లీపరు, మూడవ ఏసీ, రెండవ ఏసీ వంటివి) వాటిని స్కీమాలోనే జాబితాగా ఇవ్వవచ్చును. అప్పుడు వివరణలో మళ్ళీ చెప్పనక్కరలేదు.

ఫలితాలు, దోష సందేశాలు

పనిముట్టు తిరిగి ఇచ్చే పాఠ్యం కూడా ఏజెంటు చదివేదే గనుక అది కూడా వివరణలో భాగమే అనుకోవచ్చును. "దోషం 400" అంటే ఏజెంటు అదే విలువలతో మళ్ళీ మళ్ళీ ప్రయత్నిస్తుంది. "తేదీ గడిచిపోయింది, నేటి నుండి 60 రోజుల లోపు తేదీని ఇవ్వండి" అంటే రెండవ ప్రయత్నంలోనే సరిదిద్దుకుంటుంది. రియాక్ట్ ప్రయోగాలలో వెదికిన వ్యాసం లేనప్పుడు ఊరకే లేదని చెప్పకుండా, దగ్గరగా ఉన్న 5 వ్యాసాల పేర్లను ఇచ్చేవారు.

ఖాళీ ఫలితం మరొక ఉచ్చు. రైళ్ళ జాబితా ఖాళీగా వచ్చినది ఆ రోజు రైళ్ళు లేనందుకా, సర్వరు పలకనందుకా? రెండింటికీ ఒకే ఖాళీ జాబితా ఇస్తే, సర్వరు మొరాయించిన రోజున "ఆ రోజు రైళ్ళు లేవు" అని వాడుకరికి చెప్పే ప్రమాదం ఉన్నది.

నిడివి

పనిముట్ల వివరణలన్నీ సంభాషణతో పాటు నమూనా ముందు ఉంటాయి కాబట్టి, అవి ఆక్రమించే చోటుకు ఖర్చు ఉంటుంది. పాఠ్యాన్ని నమూనాలు టోకెన్లు అనే ముక్కలుగా లెక్కిస్తాయి. వందలాది పనిముట్లు ఉన్నప్పుడు వాడుకరి ఒక్క మాట అనకముందే వేలకొద్దీ టోకెన్లు వివరణలకే పోతాయి. అంతకంటే ముఖ్యంగా, ఎంపిక కష్టమవుతుంది. ఒకేసారి 20 లోపు పనిముట్లను ఉంచడం మంచిదని ఓపెన్‌ఏఐ మార్గదర్శకాలు సూచించాయి. ఒక్కొక్క వివరణ కనీసం మూడు నాలుగు వాక్యాలుండాలని ఆంత్రోపిక్ వారి సూచన. ఈ రెండింటికీ వైరుధ్యం లేదు: పనిముట్లు తక్కువగాను, ఒక్కొక్కదాని వివరణ నిండుగాను ఉండాలన్నది వీటి సారాంశం. వివరణను కుదించవలసి వస్తే పొగడ్తలను, పేరులోనే ఉన్న సంగతులను తీసివేయాలి గాని "ఎప్పుడు వాడకూడదు" అన్న వాక్యాన్ని కాదు.

పరీక్షించడం

మంచి వివరణను కూర్చున్న చోటనే రాయడం ఎవరికీ సాధ్యం కాదు. రాసి, ఏజెంటు చేత నిజమైన పనులు చేయించి, ఎక్కడ తడబడిందో చూసి దిద్దుకోవలసినదే. ఆంత్రోపిక్ సంస్థ 2025 సెప్టెంబరులో ప్రకటించిన ఒక అనుభవం ఇందుకు మంచి ఉదాహరణ. క్లాడ్ నమూనాకు ఇంటర్నెట్లో వెదికే పనిముట్టు ఇచ్చినప్పుడు, అది అవసరం లేకపోయినా వెదికే మాటల చివర 2025 అని చేర్చసాగింది. దీనివలన ఫలితాలు ఒకవైపుకు మొగ్గేవి. కోడును కాక వివరణను మెరుగుపరచి దీనిని సరిచేశారు.

అదే సంస్థ 2024 డిసెంబరులో చెప్పిన మరొక అనుభవం దీనికి పూర్తిగా వేరుగా ఉంటుంది. ప్రోగ్రాములలోని దోషాలను సరిదిద్దే ఏజెంటు, ఒక డైరెక్టరీ నుండి మరొక డైరెక్టరీకి మారిన తరువాత ఫైళ్ళ సాపేక్ష మార్గాలను తప్పుగా ఇచ్చేది. ఇక్కడ పనిముట్టునే మార్చి, ఎల్లప్పుడూ పూర్తి మార్గాన్నే కోరేటట్లు చేశారు. తప్పులు ఆగిపోయాయి. తప్పు చేయడానికి వీలు లేకుండా పనిముట్టును మలచగలిగితే, తప్పు చేయవద్దని వివరణలో బ్రతిమాలనక్కరలేదు. 2024లో ప్రిన్స్‌టన్ పరిశోధకులు రూపొందించిన స్వె-ఏజెంట్ కూడా ఈ మార్గంలోనిదే. అందులో ఫైలును ఒకసారికి 100 పంక్తులు మాత్రమే చూపిస్తారు, వాక్యనిర్మాణ దోషం కలిగించే మార్పును అంగీకరించకుండా వెనక్కు పంపుతారు. మనిషికి, కంప్యూటరుకు మధ్య ఉండే ముఖతలంలాగే ఏజెంటుకు, కంప్యూటరుకు మధ్య కూడా ఒక ముఖతలం ఉంటుందని, దానిని శ్రద్ధగా రూపొందించాలని వారు వాదించారు.

పరీక్షించేటప్పుడు మరొక జాగ్రత్త అవసరం. పనిముట్టును పిలవవలసిన ప్రశ్నలతో పాటు, పిలవకూడని ప్రశ్నలను కూడా చేర్చాలి. పై ఉదాహరణలోని "ఎంత తిరిగి వస్తుంది?" అటువంటిది.

తెలుగులో అడిగేవారు

వివరణ ఇంగ్లీషులో ఉన్నా వాడుకరి తెలుగులో మాట్లాడవచ్చును. నేటి పెద్ద నమూనాలు ఈ రెంటినీ కలుపుకోగలవు. అయినా కొన్ని సంగతులను వివరణ రాసేవారు ముందుగా తలచుకోవాలి. "మొన్న" అంటే కచ్చితంగా నిన్నటికి ముందు రోజు కావచ్చును, మాటవరసకు కొద్ది రోజుల కిందట అని కూడా కావచ్చును. "పాతిక వేలు", "లక్షన్నర" వంటివి పరామితిలోకి పోయేటప్పుడు 25000, 150000 అని అంకెలుగా మారాలి. "మొత్తాన్ని రూపాయలలో, కామాలు లేకుండా అంకెలలో ఇవ్వాలి" అన్న ఒక్క వాక్యం ఇందుకు సరిపోతుంది. పేర్ల విషయం ఇంకా జటిలం. లక్ష్మి అన్న పేరును ఇంగ్లీషు లిపిలో కనీసం రెండు మూడు విధాలుగా రాస్తారు. ఇంటిపేరు ముందు ఉంటుందో వెనుక ఉంటుందో పత్రాన్ని బట్టి మారుతుంది. టికెట్టు మీది పేరు గుర్తింపు కార్డులో ఉన్నట్లే ఉండాలంటే, "పేరును లిప్యంతరీకరించవద్దు, గుర్తింపు కార్డులో ఉన్న స్పెల్లింగును వాడుకరినే అడగాలి" అని వివరణ చెప్పాలి.

వివరణలను తెలుగులోనే రాయడం సాధ్యమే. అయితే అనేక నమూనాలలో అదే భావానికి తెలుగు పాఠ్యం ఇంగ్లీషు కంటే ఎక్కువ టోకెన్లను తీసుకుంటుంది.

భద్రత

నమూనా దృష్టిలో వివరణ, వాడుకరి మాట, పనిముట్టు ఫలితం అన్నీ పాఠ్యమే. వివరణను రాసినవారికి దురుద్దేశం ఉంటే ఏమవుతుందో 2025 ఏప్రిల్‌లో ఇన్వేరియంట్ ల్యాబ్స్ అనే సంస్థ చూపించింది. వారు తయారుచేసిన నమూనా పనిముట్టు రెండు సంఖ్యలను కూడుతుంది, అంతే. కాని దాని వివరణలో, కూడిక చేయడానికి ముందు వాడుకరి కంప్యూటరులోని రహస్య తాళపు చెవుల ఫైలును చదివి, అందులోని పాఠ్యాన్ని ఒక అదనపు పరామితిలో పెట్టి పంపమని, ఈ సంగతి వాడుకరికి చెప్పవద్దని రాసి ఉన్నది. ఏజెంటు ఆ ఆదేశాలను పాటించింది. తెర మీద వాడుకరికి కనబడినది కూడిక పనిముట్టు పేరు మాత్రమే. దీనికి టూల్ పాయిజనింగ్ అన్న పేరు స్థిరపడింది.

2025 మార్చిలో ఎంసీపీ ప్రమాణానికి కొన్ని సూచికలు చేర్చారు. ఈ పనిముట్టు చదవడానికి మాత్రమేనా, దేనినైనా నాశనం చేయగలదా, రెండుసార్లు పిలిస్తే రెండుసార్లు ప్రభావం ఉంటుందా అన్నవి వీటి ద్వారా తెలుపవచ్చును. ఏమీ చెప్పకపోతే నాశనం చేయగలదనే భావించాలి. అయితే ఈ సూచికలను కూడా రాసేది పనిముట్టును తయారుచేసినవారే గనుక, నమ్మదగిన సర్వరు నుండి వచ్చినవైతే తప్ప వీటిని నమ్మరాదని ఆ ప్రమాణమే చెబుతున్నది.

మంచి ఉద్దేశంతో రాసిన వివరణకు కూడా హద్దు ఉన్నది. "వాడుకరి స్పష్టంగా చెప్పినప్పుడే వాడాలి" అన్న వాక్యం ఏజెంటుకు ఇచ్చిన సలహా మాత్రమే, తలుపుకు వేసిన తాళం కాదు. నమూనా దానిని ఎక్కువసార్లు పాటిస్తుంది, ఎల్లప్పుడూ పాటిస్తుందన్న హామీ లేదు. టికెట్టు రద్దు, డబ్బు బదిలీ, ఫైళ్ళ చెరిపివేత వంటి వాటికి వాడుకరి అంగీకారాన్ని ఆతిథేయ ప్రోగ్రామే తెర మీద అడిగి, ఆ తరువాతనే పనిని నడపాలి. ఆ అంగీకారం అడిగే పెట్టెలో పనిముట్టు పేరు ఒక్కటే కాక, అది పంపబోయే విలువలన్నీ కనబడాలి. ఒకసారి అంగీకరించిన పనిముట్టు వివరణ తరువాత సర్వరు వైపున మారిపోయే అవకాశం కూడా ఉన్నది. అందువలన అంగీకరించిన నాటి వివరణను భద్రపరచి, మార్పు కనబడినప్పుడు వాడుకరిని మళ్ళీ అడిగే ఏర్పాటును భద్రతా పరిశోధకులు సూచిస్తున్నారు.